పేరు అదే... పాట మారింది!

పద్నాలుగేళ్ల వయసులో ఒక పాటకు పెట్టిన పేరునే నలభై అయిదేళ్ల వయసులో ఆల్బమ్‌కు పెట్టాడో సంగీతకారుడు. ఆ రెండింటి మధ్య 31 ఏళ్లు గడిచాయి. ఆ బ్యాండ్‌లో మనుషులు మారారు, భాష మారింది, శబ్దం మారింది. మారనిది ఒక్కటే. అదేంటో తెలుసుకుంటే, ‘నేను ఏం నేర్చుకోవాలి, ఏం వదిలేయాలి’ అని తికమకపడేవాళ్లకు కొంత దారి కనిపిస్తుంది.

‘థోర్’ సినిమాలు చూసినవాళ్లకు హైమ్‌డాల్ గుర్తుండే ఉంటాడు. బంగారు రంగు కవచం, చేతిలో పెద్ద కత్తి, ఇంద్రధనుస్సు వంతెన దగ్గర కాపలా. ఇడ్రిస్ ఎల్బా వేసిన పాత్ర. మార్వెల్ వాళ్లు కనిపెట్టిన మనిషి కాదితను. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ రాసిన ‘ఎడ్డా’లో ఈ దేవుడి వివరాలున్నాయి. తొమ్మిది మంది తల్లులకు పుట్టాడట. పక్షి కన్నా తక్కువ నిద్రపోతాడు. పగలైనా రాత్రయినా వంద ఆమడల దూరం చూడగలడు. నేల మీద గడ్డి మొలుస్తున్న చప్పుడు, గొర్రె ఒంటి మీద ఉన్ని పెరుగుతున్న చప్పుడు కూడా అతనికి వినబడతాయి. లోకానికి అంతం ముంచుకొచ్చినప్పుడు ‘గ్యాలర్‌హార్న్’ అనే కొమ్ము ఊది దేవుళ్లను లేపేది అతనే.

నార్వేకు చెందిన ‘ఎన్‌స్లేవ్డ్’ అనే మెటల్ బ్యాండ్ 2023 మార్చి 3న విడుదల చేసిన 16వ ఆల్బమ్ పేరు ‘హైమ్‌డాల్’. ఆల్బమ్ పెట్టగానే ముందు గిటార్ రాదు, డ్రమ్స్ రావు. నీళ్ల చప్పుడు, దాని మీదుగా కొమ్ము శబ్దం వినిపిస్తాయి. ఊదింది ఐలిఫ్ గుండర్సన్. పాత నార్డిక్ వాద్యాలతో పాటలు చేసే ‘వార్డ్రూనా’ బృందంతో పనిచేసిన కళాకారుడు. ‘వైకింగ్స్’ సీరియల్ చూసినవాళ్లు, ‘అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా’ గేమ్ ఆడినవాళ్లు వార్డ్రూనా వ్యవస్థాపకుడు ఐనార్ సెల్విక్ సంగీతాన్ని పేరు తెలియకుండానే వినేసి ఉంటారు.

హెడ్‌ఫోన్స్‌లో ఈ ఆల్బమ్ వింటుంటే ‘ఇది మెటలేనా?’ అనే సందేహం మొదటి నిమిషంలోనే వస్తుంది. ఇంకాసేపటికే ‘మెటలే’ అని తేలిపోతుంది. మళ్లీ కాసేపటికి సందేహం మొదలవుతుంది. యాభై నిమిషాలూ ఇదే వరస!

క్యాసెట్ రోజుల్లో...

కథ 1991లో మొదలైంది. నార్వే పడమటి తీరంలో హౌగెసుండ్ పట్టణం చుట్టుపక్కల ప్రాంతం. ఈవర్ బ్యోర్న్‌సన్ వయసు 13. గ్రూట్లె షెల్సన్ వయసు 17. అంతకుముందు ఇద్దరూ ‘ఫోబియా’ అనే డెత్ మెటల్ బ్యాండ్‌లో వాయించేవారు. అప్పట్లో యూరప్ కుర్రాళ్లంతా వాయిస్తున్నది అదే. దాన్ని ఆపేసి, డ్రమ్మర్ ట్రిమ్ టోర్సన్‌ను కలుపుకుని ‘ఎన్‌స్లేవ్డ్’ మొదలుపెట్టారు.

నార్వేలో బ్లాక్ మెటల్ వేడి మీదున్న రోజులవి. పిచ్చి వేగంతో డ్రమ్స్, తేనెటీగల గుంపులా రొద చేసే గిటార్, గొంతు చీరుకుపోయేలా అరుపులు. ఆ గుంపులో కొందరు సైతాను పేరుతో పాటలు రాశారు. కొందరైతే అక్కడితో ఆగకుండా చర్చిలు తగలబెట్టి జైలుకు వెళ్లారు. ఈ కుర్రాళ్లు మాత్రం తమ పాటల కోసం క్రైస్తవం రాకముందు ఆ నేల మీద ఉన్న పాత దేవుళ్లను, పాత కథలను వెతుక్కున్నారు. ఓడిన్, విశ్వవృక్షం, రూన్ లిపి. తర్వాత రోజుల్లో ‘వైకింగ్ మెటల్’, ‘పేగన్ మెటల్’ అని పిలిచిన ధోరణికి పునాది వేసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

1992లో ‘ఇగ్‌డ్రాసిల్’ పేరుతో ఒక డెమో క్యాసెట్ చేశారు. అందులో ఒక పాట పేరు ‘హైమ్‌డాలర్’. ఇదే దేవుడి పాత నార్స్ పేరు. గ్యాలర్‌హార్న్ కొమ్ము పేరుతో కూడా మరో పాట ఉంది. అప్పటికి ఈవర్‌కు 14 ఏళ్లు. మన దగ్గరైతే తొమ్మిదో తరగతి!

రెండేళ్ల తర్వాత మొదటి ఆల్బమ్ ‘వికింగ్లిగ్ వెల్డి’ వచ్చింది. పాటలన్నీ ఐస్‌లాండిక్, పాత నార్స్ భాషల్లోనే. నార్వే వాళ్లకే అర్థంకాని పదాలు. అదే ఏడాది ‘ఫ్రాస్ట్’ కూడా వచ్చింది. దాన్ని బెర్గెన్ నగరంలోని గ్రీగ్‌హాలెన్‌లో రికార్డు చేశారు. అది సింఫనీ కచేరీలు జరిగే పెద్ద హాలు. ‘పిట్టెన్’ అని పిలిచే సౌండ్ ఇంజినీర్ అక్కడే నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్‌లు చాలావాటిని రికార్డు చేశాడు. 1997లో వచ్చిన ‘ఎల్డ్’ మొదటి పాట ఏకంగా 16 నిమిషాలు. ఇంగ్లండ్ తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద క్రీ.శ. 793లో వైకింగ్‌లు చేసిన దాడి గురించి. ఆ ఆల్బమ్‌లోనే అరుపుల పక్కన మామూలు గొంతుతో పాడటం బాగా వినిపించింది. అప్పటికది చిన్న మార్పు. తర్వాత అదే పెద్దదైంది.

ఒక్కరోజులో మారలేదు

‘బ్యాండ్ మారిపోయింది’ అని అభిమానులు అంటుంటారు గానీ, ఎన్‌స్లేవ్డ్‌ను వరసగా వింటే మారిపోయిన రోజంటూ ఒకటి దొరకదు. ఒక్కో ఆల్బమ్‌లో ఒక్కో కిటికీ తెరుచుకుంటూ వచ్చింది.

2000లో ‘మార్డ్రౌమ్’, 2001లో ‘మాన్యుమెన్షన్’. రెండూ ప్రయోగాలే. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్ లాంటి 1970ల ప్రోగ్రెసివ్ రాక్ ఇష్టాలు బయటపడ్డాయి. నిజం చెప్పాలంటే ‘మాన్యుమెన్షన్’ అంతా కుదరలేదు. ఒక పాట ఒకవైపు, ఇంకోటి మరోవైపు లాగుతాయి. కానీ అది లేకుండా తర్వాతది లేదు.

ఆ తర్వాతది 2003లో వచ్చిన ‘బిలో ద లైట్స్’. దాని మొదటి పాట మెలోట్రాన్ అనే వాద్యంతో మొదలవుతుంది. ఇంజినీరింగ్ వాళ్లకు ఈ వాద్యం భలే నచ్చుతుంది. చూడటానికి కీబోర్డే. కానీ ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ల గుంపు శబ్దమో, ఫ్లూట్ శబ్దమో దాదాపు ఎనిమిది సెకన్లు పలుకుతుంది. టేపు అయిపోతే వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. ఇవాళ ల్యాప్‌టాప్‌లో మనం వాడే శాంప్లర్‌కు తాత అన్నమాట. ఆ పాత శబ్దాన్ని బ్లాక్ మెటల్ గిటార్ పక్కన పెట్టడం అప్పట్లో సాహసమే. అదే ఆల్బమ్‌లో ఒక పాట ఫ్లూట్‌తో మొదలవుతుంది.

ఈలోపు మనుషులూ మారారు. ట్రిమ్ 1995లోనే ‘ఎంపరర్’ అనే మరో పెద్ద బ్యాండ్‌లోకి వెళ్లిపోయాడు. తర్వాత ఆర్వె ఈస్‌డాల్ గిటార్ పట్టుకున్నాడు. హెర్‌బ్రాండ్ లార్సన్ కీబోర్డుతోపాటు మామూలు గొంతు పాటలూ తీసుకున్నాడు. 2004లో ‘ఈసా’ వచ్చింది. ఈసా అంటే మంచును సూచించే రూన్ అక్షరం. నార్వే గ్రామీ అని చెప్పుకొనే స్పెల్లెమాన్ పురస్కారం దానికి దక్కింది. 2006 నాటి ‘రూన్’కూ వచ్చింది. ఒకప్పుడు క్యాసెట్లు కాపీ చేసి పోస్టులో పంపుకొన్న సంగీతం, దేశం మెచ్చే సంగీతమైంది.

2014లో నార్వే రాజ్యాంగానికి 200 ఏళ్లు నిండాయి. ఆ రాజ్యాంగం పుట్టిన ఐడ్స్‌వోల్‌లో జరిగిన వేడుక కోసం ఈవర్, ఐనార్ సెల్విక్ కలిసి ‘స్కుగ్‌స్యా’ అనే సంగీత రచన చేశారు. అందులో మెటల్ గిటార్ పక్కనే మేకకొమ్ము, పాతకాలపు తంత్రివాద్యాలు వినిపిస్తాయి. 2016లో అది ఆల్బమ్‌గానూ వచ్చింది. ‘హైమ్‌డాల్’ మొదట్లో వినబడే కొమ్ముకు దారి ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

కొత్త ఆల్బమ్‌లో కొత్తేంటి?

పెద్ద మార్పు గొంతుల్లో ఉంది. లార్సన్ 2016లో వెళ్లిపోయాక హోకన్ విన్యె వచ్చాడు. బ్యాండ్ పుట్టినప్పటి ఇద్దరికన్నా బాగా చిన్నవాడు. ‘సెవెన్ ఇంపేల్’ అనే జాజ్ కలిసిన ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ నుంచి వచ్చినవాడు. 2018లో డ్రమ్మర్‌గా ఈవెర్ సాండోయ్ చేరాడు. ఇతను కొత్తవాడేం కాదు. అంతకుముందు కొన్నేళ్లుగా బ్యాండ్‌తో స్టూడియోలో పనిచేసిన సౌండ్ ఇంజినీరే. అద్దం అవతల మిక్సర్ ముందు కూర్చున్న మనిషి లేచి ఇవతలికొచ్చి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. పైగా పాడతాడు కూడా. అంటే ఇప్పుడు గ్రూట్లె గర్జనకు తోడు రెండు మామూలు గొంతులున్నాయి. 2020లో వచ్చిన ‘ఉట్‌గార్డ్’లో ఈ కూర్పు మొదలైంది. ‘హైమ్‌డాల్’లో నిలదొక్కుకుంది.

పాటలు ఏడు. కొమ్ముతో తెరుచుకునే ‘బిహైండ్ ద మిర్రర్’ కొత్త శ్రోతలకు మంచి గుమ్మం. గర్జన, గానం మార్చిమార్చి వస్తాయి. రెండో పాట ‘కాంజీలియా’ దాదాపు ఎనిమిది నిమిషాలు. ఇక్కడ పాత బ్లాక్ మెటల్ బుద్ధి మళ్లీ కనిపిస్తుంది. ఒకే రిఫ్‌ను పట్టుకుని వదలకుండా తిప్పుతుంటారు. మొదట విసుగనిపిస్తుంది. నాలుగో నిమిషానికి అదే మత్తులా ఎక్కుతుంది. రిఫ్ మారకపోయినా దాని వెనుక కీబోర్డు, డ్రమ్స్ కొద్దికొద్దిగా జరుగుతుంటాయి. 1990లలోనూ వీళ్లు పొడవాటి పాటలే చేశారు. అప్పట్లో పొడవును వేగంతో నింపేవారు. ఇప్పుడు ఓపికతో నింపుతున్నారు.

‘ఫారెస్ట్ డ్వెల్లర్’ మెత్తగా, అడవిలో నడుస్తున్నట్టు మొదలై మధ్యలో ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ‘కింగ్‌డమ్’లో థ్రాష్ మెటల్ తరహా గిటార్ కింద సింథసైజర్ టకటకలాడుతుంటుంది. పాత దేవుళ్ల పాటల్లో ఈ ఎలక్ట్రానిక్ గోలేంటి అనిపించే చోటు ఇదే. నాకైతే ఆల్బమ్‌లో బాగా నచ్చిన పాట కూడా ఇదే. ‘ది ఎటర్నల్ సీ’ అలల్లా నెమ్మదిగా ఊగుతుంది. ‘క్యారవాన్స్ టు ది ఔటర్ వరల్డ్స్’ను 2021లోనే విడిగా విడుదల చేశారు. చివరి పాట ‘హైమ్‌డాల్’ బరువుగా సాగి ముగుస్తుంది.

మిక్సింగ్ చేసింది స్వీడన్‌కు చెందిన యెన్స్ బోగ్రెన్. ఓపెత్, అమన్ అమార్త్ లాంటి బ్యాండ్‌లకూ పనిచేసిన నిపుణుడు. ఇన్ని పొరలున్నా ఏ వాద్యానికావాద్యం విడిగా వినిపిస్తుంది. 1992 క్యాసెట్‌నూ దీన్నీ వెంటవెంటనే వినండి. మొదటిదాంట్లో అన్నీ కలిసిపోయి ఒకే హోరు. ఆ హోరుకూ ఒక అందం ఉంది, కాదనను. కానీ గడ్డి మొలిచే చప్పుడు వినగలిగే దేవుడి గురించిన పాటలకు ఈ స్పష్టతే న్యాయం చేస్తుంది.

నష్టం లేదా?

ఎందుకు లేదు! ప్రతి మార్పు దగ్గరా కొందరు శ్రోతలు దిగిపోయారు. ‘ఫ్రాస్ట్’ను ప్రాణంగా ప్రేమించినవాళ్లలో ఇప్పటికీ ‘2000 తర్వాత వీళ్లు మెత్తబడిపోయారు’ అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. పదహారేళ్ల కుర్రాడి కోపంలో ఉండే ముడి శక్తి నలభై అయిదేళ్ల మనిషి పాటలో ఉండదు. ఉన్నట్టు నటిస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది.

కొత్త ఆల్బమ్‌లోనూ లోపాలున్నాయి. ముందే విడిగా వచ్చిన ‘క్యారవాన్స్’ మిగతా ఆరు పాటల మధ్య కొంచెం చుట్టంలా కూర్చుంది. ఒకటి రెండు చోట్ల ఒక భాగం నుంచి మరో భాగానికి దారి వేయకుండానే దూకేశారు. మొదటిసారి వింటే అసలు ఎక్కకపోవచ్చు. మూడుసార్లు వినే ఓపిక లేనివాళ్లకు ఇది సరైన ఆల్బమ్ కాదు.

అయినా ఈ మార్పు నమ్మబుద్ధేసేది ఎందుకంటే, కదిలిన ప్రతిసారీ ఒక కాలు పాత చోటే ఉంది. ఇంగ్లిష్‌లోకి మారినా కథలు మాత్రం నార్స్ పురాణాలవే. వాద్యాలు మారినా పొడవాటి, లోతుకు దిగే పాట అనే పద్ధతి ఉండిపోయింది. 2017లో వచ్చిన ఆల్బమ్‌కు ఒకే ఒక్క అక్షరం పేరు: ‘ఇ’. అదీ గుర్రాన్ని సూచించే రూనే. మనిషి, గుర్రం కలిస్తేనే ప్రయాణం అనే ఆలోచన దాని వెనుక ఉంది. పక్కదారి పట్టినట్టు కనిపించిన ప్రతిచోటా ఇలాంటి గుర్తు ఒకటి దొరుకుతుంది.

మనకేంటి సంబంధం?

ఫైనలియర్ విద్యార్థుల రెజ్యూమేలు కొన్ని నా దగ్గరకు వస్తుంటాయి, ‘అన్నా, కొంచెం చూసిపెట్టు’ అని. చాలావాటిలో స్కిల్స్ కింద పదిహేను పేర్లుంటాయి. పైథాన్, జావా, రియాక్ట్, క్లౌడ్, డేటా సైన్స్, ఏఐ. ఏడాదికో గాలి వీస్తుంది, రెజ్యూమేలో రెండు పేర్లు చేరతాయి. తప్పు పట్టలేం. ఉద్యోగం కావాలి, ఇంట్లో అడుగుతున్నారు, పక్క సెక్షన్ వాడికి ఆఫర్ వచ్చింది. కానీ ఇంటర్వ్యూలో ‘ఇవన్నీ సరే, నీకు అసలు ఏం ఇష్టం?’ అని అడిగితే నోరు పెగలదు. గాలివాటున మారడానికీ, ఎదిగి మారడానికీ తేడా అక్కడే బయటపడుతుంది.

ఎన్‌స్లేవ్డ్ కొత్తగా నేర్చుకున్నది తక్కువేం కాదు. మెలోట్రాన్, ఫ్లూట్, జాజ్ తెలిసిన కీబోర్డు కుర్రాడు, సింథసైజర్. కానీ అవన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే చేరాయి: ఈ పాత కథలను ఇంకా బాగా ఎలా వినిపించాలి? ప్రశ్న నిలకడగా ఉంటే, ఎన్ని పనిముట్లు మార్చినా ‘ఎందుకు మారావు?’ అన్నదానికి సమాధానం దగ్గరే ఉంటుంది. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కు వెళ్తున్నా సరే, ఈసీఈ చదివి టెస్టింగ్‌లో చేరుతున్నా సరే.

నా ప్రశ్న నాకు తెలీదే అంటారా? అందుకు ఈ ఆల్బమే ఒక ఉపాయం చెబుతోంది. పాత క్యాసెట్ బయటకు తీయండి. అంటే రెండో ఏడాదిలో చేసిన మినీ ప్రాజెక్టు. కాలిక్యులేటరో, లైన్ ఫాలోయర్ రోబోనో, కాలేజీ బస్సు టైమింగ్స్ చూపించే చిన్న వెబ్‌సైటో. ఈమధ్య నేనూ బీటెక్‌లో రాసిన అటెండెన్స్ ప్రోగ్రాం తెరిచి చూశా. సిగ్గేసింది! కానీ ఎక్కడెక్కడ సిగ్గేసిందో, అక్కడక్కడా నేను ఎదిగానన్నమాట. ఆ పాత పేరుతోనే, ఇప్పుడు తెలిసిన పద్ధతిలో మళ్లీ రాయడం మొదలుపెట్టా. మీరూ రెండు వారాలు పెట్టి చూడండి. అదే సమస్య, కొత్త చేతులు. తర్వాత ఇంటర్వ్యూలో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ‘అప్పుడు ఇలా ఆలోచించా, ఇప్పుడు ఇలా ఆలోచిస్తున్నా’ అని చెప్పగలిగితే, సర్టిఫికెట్ల జాబితా చెప్పలేని సంగతి అది చెబుతుంది. ఏ భాగాన్ని తిరిగి రాయాలనిపించలేదో, దేనికోసం రాత్రి రెండింటిదాకా కూర్చున్నారో గమనించండి. మీ ప్రశ్న అక్కడెక్కడో ఉంటుంది.

పద్నాలుగేళ్ల ఈవర్‌కు హైమ్‌డాల్ గురించి చెప్పాలనిపించింది. చెప్పడానికి కావాల్సిన చేతులు అప్పటికి లేవు. పాట చేశాడు, పక్కన పెట్టాడు, ముప్పై ఏళ్లు నేర్చుకున్నాడు, తిరిగొచ్చాడు. మనకు అన్నేళ్లు అక్కర్లేదు. తిరిగి చూసుకోవాల్సిన క్యాసెట్ ఏదో గుర్తుంటే చాలు.

కొత్తగా వినేవాళ్లకు...

* నేరుగా 1994కు వెళ్లొద్దు, బెదిరిపోతారు. ముందు ‘బిహైండ్ ద మిర్రర్’, ఆ వెంటనే ‘కింగ్‌డమ్’.
* అవి ఎక్కితే 2004 నాటి ‘ఈసా’ మొత్తం.
* తర్వాత ‘బిలో ద లైట్స్’ మొదటి పాట. మెలోట్రాన్ ఎక్కడ పలుకుతోందో పట్టుకోండి.
* ఆఖరున ‘ఫ్రాస్ట్’. అప్పటికి చెవి అలవాటు పడి ఉంటుంది, హోరులో రాగం దొరుకుతుంది.
* ఫోన్ స్పీకర్లో వద్దు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు. సౌండ్ కొంచెం తక్కువే పెట్టుకోండి. చెవులు ఇంటర్వ్యూల దాకా పనిచేయాలి కదా!